ఆ వారం మాత్రలు నేనే మార్చాను

ఏడేళ్లుగా ఒక మాటని నోట్లో పెట్టుకుని తిరిగాను. మింగలేదు, ఉమ్మలేదు. అన్నం తింటున్నప్పుడు, నలుగురిలో నవ్వుతున్నప్పుడు, ముఖ్యంగా నన్నెవరైనా మెచ్చుకుంటున్నప్పుడు అది నాలుక కింద తగిలేది. ఈ ఏడాది ఇంట్లో చెప్పేశాను. చెప్పాల్సినవాళ్లకి చెప్పాను. అయినా రాయాలనిపిస్తోంది. నోటితో చెప్పేటప్పుడు ఏడుపు అడ్డం పడుతుంది, సగం మాటలు అందులో కొట్టుకుపోతాయి. కాగితం మీద అలా తప్పించుకోవడం కుదరదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. పేరు దాచుకుంటున్నది ఆమె కోసమా, నా కోసమా? ఇద్దరి కోసమూ అనుకోండి. ఆమె పేరు కూడా ఇక్కడ రాయను. ఆమె మా అన్నయ్య భార్య, నాకు వదిన.

మాది బెంగాల్‌లో ఖరగ్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న అక్కడే చేశాడు. నాన్న పోయాక అన్నయ్య వెల్డరుగా చేరాడు. ఇంట్లో నేనొక్కదాన్నే వేరే దారి పట్టాను. ఊళ్లోనే ఉన్న పెద్ద చదువుల సంస్థలో, జీవశాస్త్ర విభాగంలో పరిశోధనకి సీటొచ్చింది. తాల్‌బగీచాలో మా ఇంటి నుంచి సైకిల్ మీద వెళ్లొచ్చేదాన్ని. ఏం చదువుతున్నావని ఎవరైనా అడిగితే అమ్మే జవాబు చెప్పేది. "ఎలకల బుర్రలు కోసి సూస్తాదట" అని. అలా చెప్పేటప్పుడు అమ్మ మొహంలో అసహ్యంతోపాటు గర్వం కూడా ఉండేది.

నేను దేని మీద పనిచేసేదాన్నో కొంచెం చెప్పాలి. అది చెప్పకపోతే నేను చేసింది అర్థం కాదు.

స్టెరాయిడ్ హార్మోన్లు అంటే ఒంట్లో ఎక్కడో గ్రంథుల్లో తయారయ్యేవని అందరూ అనుకుంటాం. మెదడు కూడా తన అవసరానికి కొన్నింటిని తానే తయారుచేసుకుంటుంది. వాటిలో కొన్ని భయాన్ని, దడని అణుస్తాయి. మనం బయట నుంచి వేసుకునే ఆందోళన మాత్రలు ఆ సొంత సరుకుని ఏం చేస్తాయి? కొన్ని రకాల మాత్రలు దాన్ని పెంచుతాయి. ఇంకొన్ని, ఎక్కువకాలం వాడితే, తగ్గిస్తాయేమో. ఆ 'ఏమో' తేల్చడమే నా పని. ఎలుకలకి వారాల తరబడి మందు ఇచ్చి, వాటి మెదడులో ఆ హార్మోన్లు ఎంత ఉన్నాయో కొలిచేదాన్ని.

వదిన టెక్కలి దగ్గర పుట్టింది. తెలుగు ఎమ్మే చదివింది. మా ఇంటికి పది నిమిషాల నడకలో అప్పట్లో ఒక చిన్న ప్రైవేటు బడి ఉండేది. పెళ్లైన ఏడాదికే అందులో తెలుగు టీచరుగా చేరింది. అక్కడ చదివేవాళ్లు ఎక్కువమంది మావంటి రైల్వే ఇళ్ల పిల్లలే. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, కోపమొస్తే హిందీ. ఒక వాక్యంలో మూడు భాషలు కలిపేసే ఆ పిల్లల చేత వదిన పద్యాలు చదివించేది. ఊరికే బట్టీ పట్టించడం కాదు, కథలా చెప్పి, వేషాలేయించి. పొద్దున అన్నయ్య డ్యూటీకి బయల్దేరే వేళకి మా గుమ్మంలో ఇద్దరు ముగ్గురు పిల్లలు నిలబడి ఉండేవాళ్లు, టీచర్‌తో కలిసి నడుద్దామని.

పెళ్లైన రెండో ఏట వదినకి దడ మొదలైంది. ఇదీ కారణం అని చెప్పలేం. ఉన్నట్టుండి గుండె పరిగెత్తేది, అరచేతులు చెమర్చేవి, గాలి అందేది కాదు. ఊరికెళ్లడానికి స్టేషన్‌కి వెళ్తే, కిలోమీటరు పొడుగుండే ఆ ప్లాట్‌ఫారం సగం నడిచేసరికి పెట్టె మీద కూలబడిపోయేది. ఒకరోజు తరగతిలో బోర్డు మీద రాస్తూ రాస్తూ చాక్‌పీసు వదిలేసి బయటికి వచ్చేసింది. అన్నయ్య డాక్టరుకి చూపించాడు. ఆయన చిన్న తెల్ల మాత్ర రాశాడు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. నెల తిరగకుండా వదిన మళ్లీ మామూలు మనిషైంది. మళ్లీ గుమ్మంలో పిల్లలు. అలా ఏడాదిన్నర పైగా వాడింది.

ఆ మాత్రల కోసం ప్లాస్టిక్ పెట్టె నేనే కొన్నాను, ప్రేమ్ బజార్‌లో. ఏడు అరలు, మూతల మీద వారాల పేర్లు. ప్రతి ఆదివారం నేనే నింపేదాన్ని. "మందుల సదువు సదివినదానివి, నివ్వే నింపే" అనేది వదిన. నాది మందుల చదువు కాదు. ఆ మాట నేనెప్పుడైనా గట్టిగా చెప్పానా? చెప్పలేదు. నన్ను సగం డాక్టరుగా చూడటం నాకు నచ్చింది.

ఆ చలికాలం నా మొదటి ఫలితాలు వచ్చాయి. ఆరు ఎలుకలు, ఆరంటే ఆరు. చాలాకాలం మందు వాడిన వాటి మెదడులో ఆ సొంత హార్మోను తగ్గినట్టు కనిపించింది. కంప్యూటర్ తెర మీద గీత కిందకి దిగుతోంది. మా సార్ చూసి, "బాగుంది, కానీ ఇంకా చాలా ఎలుకలు కావాలి, తొందరపడొద్దు" అన్నారు. ఆయన చెప్పిన దాంట్లో 'బాగుంది' ఒక్కటే నా చెవిలో పడింది. ఎలుకలకి నేనిచ్చింది వదిన వేసుకునే మందే. ఇంటికి సైకిల్ తొక్కుతూ దారంతా అదే ఆలోచన. వదిన మెదడు తన పని తాను చేసుకోవడం మానేస్తోంది. రోజూ రెండు మాత్రలతో మేమే మానిపిస్తున్నాం.

ఆ సాయంత్రమే అడిగాను. వంటింట్లో వదిన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"వదినా, ఆ మాత్ర మానెయ్యకూడదా? మెదడుకి మంచిది కాదది. మా ల్యాబ్‌లో సూసినాం."

వదిన తల ఎత్తింది. కోపం లేదు. "ఆ దడ నీకు తెల్దే. సచ్చిపోతన్నాననిపిస్తాది. ఈ మాత్ర ఏసుకున్నాకే నాను బడి గుంటల ముందర నిలబడగలుగుతన్నాను. డాక్టరు మానమంటే మానతాను. నివ్వు సెప్తే మానను" అని, కాస్త నవ్వి, "నీ ఎలకలకి పద్యాలు సెప్పే పని లేదు గదా" అంది.

ఇంత స్పష్టంగా చెప్పింది. వద్దని చెప్పింది. నాకు అర్థమైంది కూడా. ఇది మీకు ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే చాలా ఏళ్లు నాలో నేను 'తెలియక చేశాను' అనుకుంటూ వచ్చాను. తెలియకపోవడం ఏముంది ఇందులో? ఒక మనిషి తన ఒంటి గురించి చెప్పిన మాటని విని, దాన్ని పక్కన పెట్టాను.

ఆ ఆదివారం పెట్టె నింపేటప్పుడు ఆ మాత్రలకి బదులు విటమిన్ మాత్రలు వేశాను. అవీ చిన్నవే, తెల్లవే. పద్నాలుగు. నెలరోజులు ఇలా గడిపి, తరవాత చెబుదామనుకున్నాను. 'చూశావా వదినా, నెల నుంచీ నువ్వు మాత్రే వేసుకోలేదు, అయినా బాగున్నావు' అని. వదిన ఆశ్చర్యపోతుంది, అన్నయ్య మెచ్చుకుంటాడు, అమ్మ వీధంతా చెబుతుంది. ఆ దృశ్యాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. అందులో మధ్యన నిలబడింది ఎప్పుడూ నేనే.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి నాలుగు రోజులు ఆగాను. నా ల్యాబ్ పుస్తకం చివరి పేజీలో రాసుకునేదాన్ని. 'వ. మొదటి రోజు. మార్పు లేదు.' 'వ. రెండో రోజు. నిద్ర తక్కువ.' 'వ. మూడో రోజు. చేతులు వణుకుతున్నాయి. చిరాకు.' వ. అంటే వదిన. ఆరు ఎలుకల పక్కన నాకు ఏడోది కావాల్సొచ్చిందా? వదిన బాగు కోసమే చేశానని నాకు నేను చెప్పుకున్నది నిజమే అయితే, ఆ పేజీ ఎందుకుంది? నాకిప్పటికీ పూర్తిగా జవాబు తెలియదు. రెండూ ఉన్నాయనుకుంటాను. ప్రేమా ఉంది, ఆ పేజీ కూడా ఉంది.

మంగళవారానికి వదినకి నిద్ర లేదు. బుధవారం గ్లాసు పట్టుకుంటే టీ తొణికింది. "ఏటో ఒల్లంతా సీమలు పాకినట్టున్నాదే" అంది నాతో. మందు లేకుండా ఒళ్లు అలవాటు పడుతోంది, రెండు రోజులు ఓర్చుకుంటే సర్దుకుంటుంది అనుకున్నాను. అనుకుని, ఆమెకి "మంచినీళ్లు ఎక్కువ తాగు వదినా" అని సలహా ఇచ్చాను.

గురువారం పదకొండు గంటలకి, నాలుగో తరగతి పిల్లల ముందు, వదిన పడిపోయింది. పద్యం చదువుతూ చదువుతూ గొంతు ఆగిపోయిందట. కళ్లు పైకి వెళ్లిపోయాయట. చేతులూ కాళ్లూ కొట్టుకుంటుంటే పిల్లలు ముందు అది కూడా వేషం అనుకుని నవ్వారట. తరవాత నోట్లోంచి నురగ చూసి ఏడుస్తూ బయటికి పరిగెత్తారు. ఇదంతా పక్క క్లాసు టీచర్ చెబితే తెలిసింది.

నాకు ల్యాబ్‌కి ఫోన్ వచ్చింది. సైకిల్ తీశాను. క్లినిక్ ఒకవైపు, ఇల్లు ఇంకోవైపు. నేను ముందు ఇంటికి వెళ్లాను. పెట్టెలో మిగిలిన విటమిన్ మాత్రలు తీసి, అసలు మాత్రలు పెట్టాను. ఆ తరవాత క్లినిక్‌కి వెళ్లాను. చేసింది తప్పని నాకు ఆ క్షణంలో తెలుసు. తెలియకపోతే ముందు ఇంటికెందుకు వెళ్తాను?

వదిన మంచం మీద ఉంది. నాలుక కొరుక్కుంది, పెదవి వాచింది. అన్నయ్య వర్క్‌షాపు బట్టలతోనే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టర్ పెద్దాయన, బెంగాలీ, తెలుగు వింటే అర్థమవుతుంది. నెమ్మదిగా హిందీలో అడిగాడు.

"కోయీ దవా అచానక్ బంద్ తో నహీ కియా?" ఏదైనా మందు హఠాత్తుగా ఆపేశారా అని.

వదినే జవాబిచ్చింది, వాచిన పెదవులతో. "లేదు డాక్టర్‌బాబూ. ఒక్క పూట తప్పలేదు. మా ఆడబిడ్డే నింపుతాది పెట్టె." అని నా వైపు చూపించింది.

డాక్టర్ నా వైపు తిరిగి నన్ను చెప్పమన్నాడు. "తుమ్ బోలో, దీదీ. పక్కా?"

"పక్కా" అన్నాను. "రోజూ ఏసుకుంటూనే ఉన్నాది."

అంతే. లెక్కపెడితే నాలుగు మాటలు. ఆయన తల ఊపి చీటీ మీద రాసుకున్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయన సరైన ప్రశ్నే అడిగాడు. ఆ జవాబు మీద ఆధారపడి పరీక్షలు చేయించాడు, అవి అటూ ఇటూ కాకుండా వచ్చాయి, చివరికి మూర్ఛ అనుకుని దానికి మందు మొదలుపెట్టాడు. దడ మాత్రతోపాటు రోజూ ఇది కూడా. కొన్నేళ్లు ఆపకూడదు అన్నాడు.

మాత్రలు మార్చినందుకంటే ఆ నాలుగు మాటలకే నేను ఎక్కువ సిగ్గుపడతాను. మొదటిదానికి మూర్ఖత్వం అనే పేరైనా ఉంది. రెండోదానికి ఏం పేరు పెట్టను? వదిన నన్ను సాక్షిగా పిలిచింది, నేను ఆమె మీదే అబద్ధపు సాక్ష్యం చెప్పాను.

తరవాత జరిగినవి త్వరగా చెబుతాను. పిల్లల తల్లిదండ్రులు వచ్చి బడిలో మాట్లాడారు. పిల్లలు భయపడుతున్నారన్నారు. నెలాఖరుకి బడివాళ్లు వదినని 'కొన్నాళ్లు విశ్రాంతి' తీసుకోమన్నారు. మళ్లీ రమ్మనలేదు. వీధిలో ఆమె పేరు మారిపోయింది. తెలుగు టీచర్ అనేవాళ్లు కాదు, ఫిట్స్ టీచర్ అనేవాళ్లు. అమ్మ మంచిదే, కానీ భయస్తురాలు. వదినని ఒంటరిగా పొయ్యి దగ్గరికి వెళ్లనిచ్చేది కాదు. స్నానాల గది గడియ పెట్టుకోవద్దనేది. బజారుకి ఎవరో ఒకరు తోడు. ఆ మందు వేసుకుంటే గర్భం విషయంలో జాగ్రత్తపడాలని డాక్టర్ చెబితే, అన్నయ్యా వదినా భయపడి పిల్లల సంగతి వాయిదా వేశారు. ఒక ఏడు, ఇంకో ఏడు. అన్నిటికంటే నన్ను తినేసింది ఇంకొకటి. ఆ మందుకి వదినకి మాటలు తడబడేవి. వాక్యం మధ్యలో ఆగి, దొరకని మాట కోసం చేత్తో గాలిలో వెతికేది. వందల పద్యాలు నోటికొచ్చిన మనిషి. పద్యంలో మూడో పాదం దగ్గర ఆగిపోయి, "వొదిలీవే, బుర్ర మొద్దుబారిపోనాది" అని నవ్వేసేది.

చెప్పడానికి నాకు ఎన్ని రోజులు దొరికాయి? రోజుకొకటి దొరికింది. ఇవాళ అన్నయ్య అలిసిపోయాడు, రేపు పండగ, ఎల్లుండి నా సెమినార్. తరవాత ఇంకో కారణం తోడైంది. ఇన్నాళ్లూ చెప్పకుండా ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు. ఆలస్యం ఎంత పెరిగితే చెప్పడం అంత కష్టమైంది.

రెండో ఏడు ల్యాబ్‌లో తరవాతి దశ మొదలైంది. చాలాకాలం మందు ఇచ్చిన ఎలుకల్ని రెండు గుంపులు చేశాం. ఒక గుంపుకి మందు ఒక్కసారిగా ఆపాం. రెండో గుంపుకి వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గించాం. మొదటి గుంపులో మూడో రోజు, పంజరంలో ఒక ఎలుక ఒక పక్కకి ఒరిగి, కాళ్లు కొట్టుకుంది. నేను పంజరం పట్టుకుని నిలబడిపోయాను. పక్కనున్న అమ్మాయి "టైమ్ రాయండి అక్కా" అంది. రాశాను. నాలుగో తరగతి గదిలో ఏం జరిగిందో నేను అప్పటిదాకా చూడలేదు. ఆ రోజు చూశాను.

కొలిస్తే, ఒక్కసారిగా మందు ఆపిన ఎలుకల్లో ఆ సొంత హార్మోను అడుగంటి ఉంది. మెల్లగా తగ్గించిన వాటిలో అది నెమ్మదిగా పెరుగుతూ వచ్చింది. మెదడు తన పని మానెయ్యలేదన్నమాట. దానికి వ్యవధి కావాలి, అంతే. మందు చెడ్డదని నేను చేసిన తీర్మానం ఎంత తొందరపాటుదో మరిన్ని ఎలుకలు చూశాక తెలిసింది. వదినకి ఆ మందు నిజంగా అవసరమై ఉండవచ్చు. అవసరం తీరాక మెల్లగా తగ్గించుకోగలిగేదే కూడా. ఈ రెండింటిలో ఏదైనా ఆమే, ఆమె డాక్టరే తేల్చుకోవలసింది.

నా సిద్ధాంత గ్రంథంలో ఒక వాక్యం ఉంది. ఇటువంటి మందులను హఠాత్తుగా ఆపడం ప్రమాదకరం అని. ఆ వాక్యం రాసిన చేత్తోనే ఇంటికొచ్చి వదిన వడ్డించిన అన్నం తిన్నాను. డాక్టరేట్ వచ్చింది. వదిన నాకోసం సేమ్యా పాయసం చేసింది, అమ్మ పొయ్యి పక్కన కాపలా నిలబడగా.

ఈ ఏడాది వేసవి మొదట్లో వదినని ఒక కొత్త డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు అన్నయ్య. ఆమె నరాల వైద్యురాలు, చిన్న వయసు. పాత కాగితాలన్నీ ఒక్కొక్కటే చదివిందట. ఏడేళ్లలో రెండోసారి ఫిట్స్ రాలేదు గదా, ఆ మొదటిసారి ఎందుకొచ్చిందో తెలిస్తే ఈ మందు తగ్గించే ధైర్యం చేస్తాను, బాగా గుర్తు తెచ్చుకోండి అందట.

మర్నాడు మధ్యాహ్నం వదిన నా గదిలోకి వచ్చి కూర్చుంది. అమ్మ పక్కింట్లో ఉంది. అన్నయ్య డ్యూటీలో.

"ఒలే, ఆ వారం ఏటి జరిగినాదో నీకేమైనా గుర్తున్నాదా?" అంది. "నాకయితే ఏటీ గుర్తు రావట్లేదు. ఏటి తిన్నాను, ఎక్కడికెల్లినాను... కారణం సెప్తే మందు తగ్గిస్తానంటన్నాది ఆ డాక్టరమ్మ. నాకు ఆశగా ఉన్నాదే."

ఆశగా ఉన్నాదే. ఆ మాటకి నా దగ్గర కారణాలన్నీ అయిపోయాయి.

"నేనే వదినా" అన్నాను. "ఆ ఆదివారం పెట్టెలో నీ మాత్రలు ఎయ్యలేదు. విటమిన్ మాత్రలేసినాను. నీకు సెప్పకుండా. అందుకే పడిపోయినావు. డాక్టరు అడిగితే అబద్ధం ఆడినాను."

వదిన కొడుతుందనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట నేను ఊహించింది కాదు.

"అయితే నాకు మూర్ఛ రోగం లేదా?"

"లేదనే అనుకుంటన్నాను వదినా. డాక్టర్ సూసి సెప్పాల."

"నా బుర్ర బాగానే ఉన్నాదా?"

"బాగానే ఉన్నాది."

ఆమె రెండు చేతులతో తన తల పట్టుకుంది, పోగొట్టుకున్న వస్తువు దొరికినప్పుడు పట్టుకున్నట్టు. అప్పుడు ఏడ్చింది. ఆ తరవాత కోపం వచ్చింది. అది చిన్న కోపం కాదు. "ఏడేళ్లే! నా గుంటలు నన్ను సూసి పారిపోనారే! మీ అమ్మ నన్ను నిప్పు కాడికి రానియ్యలేదే! ఏడేళ్లు నా ఎదురుగా కూకొని తిన్నావు గదే!" అని అరిచింది. అన్నీ అయ్యాక కళ్లు తుడుచుకుని లేచింది.

"రేపు నాతో రా. ఆ డాక్టరమ్మకి నీ నోటితో సెప్పు. మీ అన్నకీ, మీయమ్మకీ కూడా నివ్వే సెప్పు. నాను సెప్పను."

గుమ్మం దగ్గర ఆగి అంది: "నిన్ను క్షమించీసినాను అనమని మాత్రం అడక్కు. నా నోట రాదు."

అడగలేదు. ఇప్పటిదాకా అడగలేదు.

డాక్టరమ్మ విని, పెన్ను మూతపెట్టింది. నన్ను తిట్టలేదు. "ఇప్పుడైనా చెప్పారు, దీనివల్ల చాలా తేడా ఉంటుంది" అని మాత్రం అని, వదిన వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది. మళ్లీ పరీక్షలు చేయించింది. మూర్ఛ మందు కొంచెం కొంచెంగా, నెలల మీద తగ్గించింది. ప్రతి తగ్గింపుకీ వదిన కాగితం మీద తనే రాసుకునేది, ఎలా నిద్రపట్టింది, చేతులు ఎలా ఉన్నాయి అని. దుర్గా పూజలకి ముందు వారం ఆ మందు పూర్తిగా ఆగిపోయింది. దడ మాత్ర ఇప్పటికీ సగం వేసుకుంటుంది. మిగతా సగం ఎప్పుడు మానాలో తనకి తెలుసంది. ఆ విషయంలో నేను అభిప్రాయం చెప్పను, ఎవరూ అడగరు కూడా.

అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మ మూడు రోజులు అన్నం తినలేదు, నాలుగో రోజు వదిన తినిపించింది. నేను ప్రేమ్ బజార్‌లో ఒక గది తీసుకుని అక్కడ ఉంటున్నాను. నన్నెవరూ వెళ్లమనలేదు. ఉండమనీ అనలేదు.

వదినకి మాటలు తిరిగొస్తున్నాయి. ఇది నేను దూరం నుంచి చూస్తున్న సంగతి. మొదట పక్కింటి పిల్లలిద్దరికి సాయంత్రాలు తెలుగు చెప్పింది. ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. అందులో ఇండస్ట్రియల్ పార్క్‌లో పనిచేసే ఒక బెంగాలీ కుటుంబం పిల్ల కూడా ఉంది, తెలుగు రాని పిల్ల, పద్యాలు వినడానికి వస్తుంది. పోయిన నెల వదిన ఒక్కతే రైలెక్కి టెక్కలి వెళ్లొచ్చింది. ప్లాట్‌ఫారం చివరన ఆగే పెట్టెలో సీటొచ్చిందట. అంత దూరమూ సామాను మోసుకుంటూ, ఆగకుండా నడిచిందట. ఈ సంగతి నాకు ఫోన్ చేసి తనే చెప్పింది. నాలుగు నిమిషాల ఫోన్. ఎందుకు నాకు చేసింది? ఎవరికో ఒకరికి చెప్పాలనిపించిందేమో. నేను ఎక్కువ ఊహించుకోను. ఊహించుకునే అలవాటు నన్ను ఎక్కడికి తీసుకెళ్లిందో మీరు చదివారు.

ఇదంతా రాయాలనుకున్నప్పుడు ముందు వదిననే అడిగాను. "రాయి. కానీ రాసినాక నాకు సూపించు" అంది. కాగితాలు తీసుకెళ్లి ఇచ్చాను. నా తెలుగు అంత మంచిది కాదు. బడిలో నేను చదివింది ఇంగ్లీషు మీడియం. వారం తరవాత అన్నయ్య చేత పంపించింది. అన్నయ్య నా గది గుమ్మం దాకా వచ్చి, కవరు నా చేతిలో పెట్టి, "తిన్నావా?" అని అడిగి వెళ్లిపోయాడు. ఏడు నెలల్లో అది మొదటి మాట.

కాగితాల నిండా ఎర్ర సిరా. నేను రాసిన విషయం గురించి వదిన ఒక్క ముక్క రాయలేదు. ఒత్తులు సరిచేసింది, విడదీయాల్సిన మాటలు విడదీసింది, రెండు వాక్యాలు ఒకటి చేసింది. ఒక్కచోట మాత్రం మాటే మార్చింది. ఆ గురువారం ముందు ఇంటికి వెళ్లిన సంగతి దగ్గర, నేను మొదట 'చేసింది పొరపాటని నాకు ఆ క్షణంలో తెలుసు' అని రాశాను. పొరపాటు కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో 'తప్పు' అని రాసింది.

ఆమె దిద్దినట్టే సాఫు రాశాను. మీరు చదివింది ఆ ప్రతే.